లేని గుంపు నేల

చాచా పోయారు. మొన్న శుక్రవారం పొద్దున పంజగుట్టలో మా ఆఫీసుకు చేరి ఇంకా బ్యాగు కూడా దించలేదు, చాచీ ఫోన్ చేసింది. "మీ చాచా పోయిండు బేటీ. నిద్రలనే," అంది. నేనేదో అనేలోపే ఆవిడే, "ఆటోల రా. బస్సుల నిలవడి రాకు," అని పెట్టేసింది. భర్త పోయిన గంటలో కూడా నేను బస్సులో నిలబడతానేమోనని దిగులుపడగల మనిషి ఆవిడ.

చాచా నాకు చుట్టం కాదు. అమీర్‌పేటలో నేను అద్దెకున్న ఇంటి యజమాని. మాది కృష్ణా జిల్లా, ఆయనది తాతల నాటి నుంచీ హైదరాబాదు. సినిమాల్లో జంతువులకు గొంతు ఇవ్వడం ఆయన పని. కృష్ణానగర్ చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో కుక్క మొరగాలన్నా, గుర్రం సకిలించాలన్నా, శ్మశానం సీనులో నక్క కూయాలన్నా ఆయనకే కబురొచ్చేది. తెర మీద పేరు మాత్రం ఏనాడూ పడలేదు. మర్నాడు పేపర్లో ఒక మూల 'మిమిక్రీ కళాకారుడి మృతి' అని నాలుగు వరుసలు వేశారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆయన చేసిన పనుల్లోకెల్లా గొప్పది గొంతు విప్పి చేసింది కాదు. ఆ సంగతి పేపరువాళ్లకు తెలిసే వీల్లేదు. తెలిసినవాళ్లలో ఒకదాన్ని కాబట్టి నేను రాస్తున్నాను.

ఆ శుక్రవారం నమాజు వేళకు మగవాళ్లు ఆయన్ని తీసుకెళ్లిపోయారు. ఆడవాళ్లం హాల్లో చాప మీద కూర్చున్నాం. ఎవరో మెల్లగా ఖురాన్ చదువుతున్నారు. అప్పుడు ఎదురు హాస్టల్లో టీవీలోంచి ఒక ఊళ వినిపించింది. ఏదో పాత దెయ్యం సినిమా అయ్యుంటుంది. ఊళ సన్నగా మొదలైంది, మధ్యలో ఒకచోట విరిగింది, మళ్లీ లేచి గాలిలో చాలాసేపు నిలబడి ఆగిపోయింది. ఆ విరుపు చాచాది, ఇంకెవరికీ రాదు. చదువుతున్నామె ఆగిపోయింది. అందరి తలలూ ఆయన మంచం వైపు తిరిగాయి. మంచం మీద పరుపు కూడా తీసేసి ఉంది. నేను లేచి టీవీ కట్టేయమని చెప్పడానికి వెళ్లబోతే చాచీ నా చున్నీ పట్టుకుంది. "వద్దు బేటీ. ఇననీ. ఇంకోపారి వస్తదేమో," అంది. ఇంకోసారి రాలేదు.

నేను మొదటిసారి ఆ ఇంటికి గది చూసుకోవడానికి వెళ్లింది మిట్టమధ్యాహ్నం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు ఒకటి నేర్చుకుంటే చాలు, ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని మా ఊళ్లో కూడా చెప్పుకుంటున్న రోజులవి. అమీర్‌పేటలో గోడ అనేది కనబడేది కాదు, అన్నీ కోర్సుల బోర్డులే. చాచీ నాకు మేడ మీది గది చూపిస్తుంటే పక్కనున్న నీళ్ల ట్యాంకులోంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. నీళ్లలో మునుగుతూ తేలుతూ ఉన్నట్టు, గుక్కపట్టి ఏడుస్తోంది. చేతిలో ఫైలు అక్కడే పారేసి నేను ట్యాంకు నిచ్చెన ఎక్కేశాను. లోపల చీకటి, అడుగున కాస్త తడి, అంతే. ఏడుపు మాత్రం ఆగలేదు, నా మొహం కిందనుంచే వస్తోంది.

చాచీ ఉన్నచోటు నుంచి కదలకుండా, "ఓ జీ, కిరాయికొచ్చిన పిల్లను భయపెట్టకుండ్రి. పోయినసారి గిట్లనే ఒకామె ఎల్లిపాయె," అంది విసుగ్గా.

ట్యాంకు కింది గొట్టం దగ్గర నోరు పెట్టి కూర్చున్న మనిషి లేచి నిలబడ్డారు. ఎండాకాలంలో మెడకు మఫ్లర్. "ట్యాంక్ ఖాళీగ ఉంటే గొంతు మస్తు మోగుతది బేటీ. ఏడుపు అస్లీ లెక్క ఉన్నదా? జర నిజం చెప్పు," అన్నారు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, ఇంటి ఓనర్ల మీద అసలే లేదు. అయినా ఆ ప్రశ్న అడిగిన తీరు నచ్చింది. చేసిన పని సరిగ్గా వచ్చిందా లేదా అన్నదే ఆయన బెంగ. గది తీసుకున్నాను.

ఆయన అలవాట్లన్నీ గొంతు చుట్టూనే. ఫ్రిజ్ నీళ్లు ముట్టేవారు కాదు. పటికబెల్లం, మిరియాలు చిన్న డబ్బాలో వేసుకుని జేబులో పెట్టుకునేవారు. పొద్దున లేవగానే ఎవరితోనూ మాట్లాడకుండా ముందు ఒక పావురాన్ని పలికించి, అది బాగుంటేనే టీ తాగేవారు. చాచీ వంటింట్లోంచి అటు వెళ్లగానే కుక్కర్ విజిల్ వేసి ఆవిడను పరిగెత్తించడం ఆయనకు రోజూ కావాల్సిందే. ఆవిడ నిజం విజిల్‌కు కూడా కదలడం మానేసి, ఒకసారి పప్పు మాడ్చింది. "నీ నోరే ఒకరోజు మన కొంప ముంచుతది సూడు," అని తిట్టింది. చాచా గర్వంగా నవ్వారు.

తోడేళ్ల కథ ఆ ఇంటికి మేడమ్‌తో వచ్చింది. మేమంతా మేడమ్ అనే పిలిచే ఆవిడ తోడేళ్ల మీద పరిశోధన చేసేది. హైదరాబాదుకు పడమర బస్సులో కొన్ని గంటలు పోతే చెట్లు తగ్గిపోయి గడ్డి బీళ్లు వస్తాయి. అక్కడి తోడేళ్ల గుంపులు ఎంత నేల వాడుకుంటాయి, ఎందుకంతే వాడుకుంటాయి అన్నది ఆవిడ తేల్చాల్సిన విషయం. సాయంత్రం పూట తోడేలులా కూస్తే, ఆ నేల తమదనుకునే గుంపు జవాబు కూత వేస్తుంది. జవాబు ఎక్కడెక్కడ వస్తుందో గుర్తుపెట్టుకుంటూ పోతే ఆ గుంపు హద్దు దొరుకుతుంది. రికార్డు చేసిన కూతల టేపు పెట్టి చూస్తే అవి ఒకటి రెండుసార్లు పలికి ఊరుకున్నాయట. మనిషి గొంతు కావాలని వెతుకుతుండగా ఆవిడ ఒక సినిమా చూసింది. నక్క కూయాల్సిన చోట తోడేలు కూసిందని ఆ హాల్లో ఆవిడ ఒక్కతే నవ్విందట. ఎవరా కూసింది అని అడుగుతూ అడుగుతూ మా సందుకు వచ్చింది.

"చిన్నప్పుడు జూల తోడేలు పంజరం ముంగట కూసొని నేర్చుకున్న. వాళ్లు నక్క అన్నరు, నాకు ఇదే మంచిగనిపించింది," అన్నారు చాచా. అంతటితో ఆయన తోడేళ్ల ఉద్యోగంలో చేరిపోయారు.

ఒక సాయంత్రం మేడ మీద టీ తాగుతూ చాచీ సూటిగా అడిగింది. "ఒక గుంపుకు ఎంత జాగ కావాలె మేడమ్? ఎన్ని ఎకరాలు?"

మేడమ్ నవ్వింది. "ఏ ఏడు? ఎన్ని నోళ్లు? పక్కన ఎవరున్నారు? ఇవి చెప్పకుండా ఎకరాలు చెప్పలేను చాచీ."

తర్వాత ఓపిగ్గా వివరించింది. జింకలు, కుందేళ్లు, గొర్రెల మందలు దగ్గరదగ్గరగా దొరికే చోట తోడేళ్లకు కొద్ది నేల చాలు. తిండి పలచబడితే అదే గుంపు ఎంతో దూరం తిరగాలి. నోళ్లు పెరిగినా అంతే. కూనలున్న నెలల్లో బొరియ వదిలి ఎక్కువ దూరం పోలేవు, నీళ్లు దగ్గరుండాలి, మనుషులు దూరంగా ఉండాలి. ఇన్నీ చూసుకున్నాక కూడా పక్క గుంపు సంగతి ఒకటుంటుంది. అవతలి గుంపు బలంగా ఉంటే కడుపు మాడినా గీత దాటవు. అందుకే రెండు గుంపుల మధ్య ఎవరూ కాలు పెట్టని పట్టీ ఒకటి మిగిలిపోతుందట. జింకలు అక్కడికి చేరి నిశ్చింతగా మేస్తాయట.

"అంటే పెద్ద జాగ ఉన్న తోడేలు అమీరు కాదన్నట్టు," అంది చాచీ.

"కాదు. ఆకలిగా ఉన్నట్టు," అంది మేడమ్.

మాదాపూర్ వైపు ఎవరికెన్ని ఎకరాలున్నాయో చెప్పుకుని ఊరంతా పొంగిపోతున్న రోజుల్లో ఆ మాట నాకు భలే నచ్చింది. చాచా దాన్ని మా సందులోకి దించేశారు. మా సందుకు ఒక చివర టిఫిన్ బండి, ఇంకో చివర చికెన్ కొట్టు. రెండు చివర్లలో రెండు కుక్కల గుంపులు. మధ్యలో జిరాక్స్ షాపు మెట్టు హద్దు. చికెన్ కొట్టతను పెళ్లి పనులమీద కొట్టు మూసేస్తే ఆ చివరి కుక్కలు చిక్కిపోయి మెయిన్ రోడ్డు దాకా తిరగడం మొదలుపెట్టాయి. తర్వాత సందులో అమ్మాయిల హాస్టళ్లు లేచి, మెస్సుల్లో అన్నం మిగిలి, మూడో గుంపుకు కూడా చోటు దొరికింది. చాచా గేటు దగ్గర నిలబడి ఇవన్నీ నాకు క్రికెట్ కామెంటరీలా చెప్పేవారు. "గీత కాలు గియ్యదు బేటీ. సగం కడుపు గీస్తది, సగం భయం గీస్తది," అనేవారు. ఆ మాట ఆఫీసులో సీట్లు మారినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

బీడు నుంచి మేడమ్ తోడేళ్ల లద్దెలు ఏరి తెచ్చేది, అందులోని వెంట్రుకలను బట్టి అవి ఏం తిన్నాయో తెలుస్తుందని. వాటిని ఆరబెట్టడానికి ఎండ తగిలే చోటు కావాలంటే చాచా మా మేడ చూపించారు. తన మిరపకాయల పక్కన వాటిని చూసి చాచీ ఇల్లు పీకి పందిరేసింది. అయితే ఆ లద్దెలు వచ్చిన రోజు నుంచి కుక్కలు మా గేటు దగ్గర పడుకోవడం మానేశాయి. తర్వాత మిరపకాయలే గెలిచి, లద్దెలు వెళ్లిపోయాయి. మేడ కడిగించారు. కుక్కలు మాత్రం తిరిగి రాలేదు. చాచా బస్సు దిగి సందు మలుపు తిరగకముందే అవి లేచి నిలబడేవి. మొరిగేవి కావు. తోకలు ముడుచుకుని అవతలి గోడ వారగా జరిగిపోయేవి. రోజూ వాటికి ఎముకలు పెట్టిన మనిషి ఆయన. "నేను గాదా రా, నేనే," అని చెయ్యి చాపేవారు. అవి ఆయన చేతిని కాకుండా గొంతును చూసేవి. సందులో అందరూ నవ్వేవారు. నాకు మాత్రం ఆయన పక్కన నడవాలంటే వెన్నులో చల్లగా ఉండేది.

రెండో ఏడు ఎండలు ముదిరాక చాచా బీడు నుంచి తిరిగొచ్చి మంచమెక్కారు. పావురం పలకలేదు, కుక్కర్ విజిల్ లేదు. చాచీ ఏదైనా అడిగితే తల ఊపేవారు. గొంతు పోయిందేమోనని ఆవిడ భయపడి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన బాగానే ఉందన్నాడు. చివరికి ఒకరోజు మేడ మెట్ల మీద నా పక్కన కూర్చుని తనంతట తనే మొదలుపెట్టారు.

"మేడమ్ చెప్పిన కాయిదా ఒక్కటే బేటీ. ఒక్క తోడేలు లెక్క కూయాలె, ఆగాలె. గుంపు లెక్క కూయొద్దు. గా వాగు దగ్గర గుంపు చిన్నది. బొరియల పిల్లలున్నయి. మూడు దినాలు కూసిన, సప్పుడు లేదు. మేడమ్ ఊర్లకు ఫోన్ చేసొస్త అని పోయింది. నాకు మనసు ఊకోలేదు. నేను కూస్తే జవాబు ఇయ్యదా అని."

"ఏం చేశారు చాచా?"

"గుంపు చేసిన."

డబ్బింగ్‌లో గుంపు అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక్క గొంతుతో పది గొంతులు. రెండు చేతులు నోటికి అడ్డం పెట్టి, తల అటూ ఇటూ తిప్పుతూ ముసలివి, వయసువి, కూనలు, దగ్గరవి, దూరంవి అన్నీ ఒకేసారి పలికించేవారు. ఒకసారి మేడ మీద చేసి చూపిస్తే ఎదురు హాస్టల్ అమ్మాయిలు కిటికీలు మూసుకున్నారు.

"గంత మంచిగ నేను ఎన్నడు చెయ్యలే. ఖతమైనంక సూస్తే తీతువు సుత అరుస్తలేదు. పురుగు సుత లేదు. అంత సప్పుడు బంద్. నాకు ఖుషీ అయింది బేటీ, అబద్ధం ఎందుకు. తెల్లారి పోయి చూస్తే బొరియ ఖాళీ."

కొత్తగా ఒక పెద్ద గుంపు వచ్చి పడిందని ఆ తోడేళ్లు నమ్మాయి. ఆ సాయంత్రమే కూనలను నోట కరుచుకుని వాగు దాటి, అవతలి రాళ్ల గుట్టల వైపు వెళ్లిపోయాయి. అక్కడ నీళ్లు లేవు. దారిలో ఒక కూన చచ్చి పడి ఉంటే మేడమ్‌కు దొరికింది. మేడమ్ చాచాను ఒక్క మాట అనలేదు. ఆ కూనను గడ్డిలో పూడ్చి, "వస్తాయిలెండి, నీళ్ల కోసమైనా వస్తాయి," అందట. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని చాచా చాలాసార్లు అన్నారు.

అవి రాలేదు. వానలు పడ్డాయి, చలికాలం వెళ్లింది, మళ్లీ ఎండలొచ్చాయి. వాగుకు ఇవతల జింకలున్నాయి, కుందేళ్లున్నాయి, నీళ్లున్నాయి. తోడేళ్లు మాత్రం వాగు ఒడ్డు దాకా వచ్చి, హద్దు గుర్తుగా పొదల మీద ఉచ్చ పోసి వెనక్కి తిరిగేవి. రాళ్ల వైపు తిండి లేక ఆ గుంపు తిరిగే నేల మునుపటికి రెట్టింపయింది. తిరిగి తిరిగి ఊళ్ల అంచులకు చేరి, కాపర్ల గొర్రెపిల్లలను ఎత్తుకుపోవడం మొదలుపెట్టింది. కాపర్లు ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకున్నారు. ఇక చచ్చిన గొర్రెలో మందు పెడతామని మేడమ్ మొహం మీదే చెప్పేశారు. వాళ్లను బతిమాలి ఆ ఎండాకాలం పోయేదాకా ఆగమని ఒప్పించి వచ్చింది ఆవిడ. ఈలోపు తోడేళ్లు వాగు దాటి తమ పాత నేలకు వస్తే బతుకుతాయి. రాకపోతే లేదు.

"ఆ జాగల ఇంకో గుంపు లేదని వాటికి చెప్పలేమా?" అని అడిగాను, తెలివితక్కువగా.

"ఎట్ల చెప్తవు? ఉన్నమని చెప్పొచ్చు. లేమని ఎట్ల చెప్తవు బేటీ?" అన్నారు చాచా.

ఆయన ఊళ వేయడం మానేశారు. ఒక ప్రొడ్యూసర్ మనిషి దెయ్యం సినిమా పని తెచ్చి, మా హాల్లో కూర్చుని బతిమాలాడు. "గుర్రాలుంటే చెప్పండి, కోళ్లుంటే చెప్పండి. గదొక్కటి నాతోని కాదు," అని చాచా లేచిపోయారు. ఇక్కడ కూస్తే అక్కడికి ఎలా వినపడుతుంది చాచా, అని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. "గొంతుకు అలవాటైతది. దానికి సోయి ఉండదు," అన్నారు. నిద్రలో కూస్తానేమోనని మఫ్లర్‌తో గడ్డం బిగించి కట్టుకుని పడుకునేవారని చాచీ ఈ మధ్యే చెప్పింది.

పోయిన నెల నేను వెళ్లినప్పుడు ఆయనకు నడవడం తగ్గింది గానీ మాట బాగానే ఉంది. అటు వైపు వానలెట్లున్నాయో, జింకలు ఎట్లున్నాయో మేడమ్‌ను అడిగి చెప్పమన్నారు. నేను అడగడం, ఆవిడ అంతా బాగుందనడం, నేను అది ఆయనకు చేరవేయడం జరిగింది. అంతకంటే చివరి మాటలేవీ మా మధ్య లేవు. అందుకు నాకు బాధగా కూడా లేదు. ఆయనంటే నా మనసులో నిలిచిపోయినవి మాటలు కావు, బీడులో గడిపిన ఒక సాయంత్రం.

కాపర్ల గడువు అయిపోవస్తున్న రోజులవి. వాగు అవతల ఒడ్డున కొత్త గుర్తులు ఎక్కువగా కనబడుతున్నాయని, రోజురోజుకూ నీళ్లకు దగ్గరవుతున్నాయని మేడమ్ కబురు చేసింది. చాచా చూడకుండా ఉండలేకపోయారు. కానీ ఒంటరిగా వెళ్లడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. నన్ను రమ్మన్నారు. బస్సెక్కాక అసలు కారణం చెప్పారు. "మేడమ్ గుట్ట మీద ఉంటది. నువ్వు నా పక్కన కూసో. నా నోరు తెరుచుకుంటే నీ చెయ్యి అడ్డం పెట్టు. గట్టిగ పెట్టు, ఫికర్ చెయ్యకు. నాకు దాని మీద భరోసా లేదు." ఇంటి ఓనరు నోరు మూయించే అవకాశం ఎంతమందికి వస్తుందని నేను వెక్కిరించాను. ఆయన కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

పొద్దు వాలుతుండగా వాగుకు ఇవతల, ఒక రేగు పొద వెనక కూర్చున్నాం. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదని ముందే చెప్పాను. కానీ ఆ నేల వేరు. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. జింకలు మమ్మల్ని చూసి కూడా మేత ఆపలేదు. కుందేళ్లు ఎదురుగానే కూర్చుని చెవులు రుద్దుకుంటున్నాయి. దేనికీ బెదురు లేదు. వాగు ఇసుకలో ఇటు వైపు ఒక్క తోడేలు అడుగు లేదు. బియ్యం, పప్పు, ఉప్పు అన్నీ సర్ది పెట్టి ఎవరూ ఉండని ఇంట్లోకి వచ్చినట్టుంది. ఎవరో ఉన్నారన్న నమ్మకం మీదే అదంతా ఖాళీగా ఉంది. నేను వెనక్కి తిరిగి చూశాను, నిజంగానే ఏమైనా ఉందేమోనని.

"ఏం సూస్తున్నవు?" అన్నారు చాచా గుసగుసగా. "ఈ జాగల ఉన్న గుంపు నేనే బేటీ."

ఇంకా వెలుతురు ఉంది. అవతలి ఒడ్డున రాళ్ల మధ్య మట్టిరంగు ఒకటి కదిలింది. ఆడతోడేలు. నేననుకున్నంత పెద్దది కాదు. డొక్కలు లోపలికి పోయి, పొడుగు కాళ్ల మీద మెల్లగా వచ్చింది. నీళ్ల దగ్గర ఆగి వాసన చూసింది. తర్వాత మా వైపు, మా వెనకున్న గడ్డి మొత్తం వైపు తిరిగి తల ఎత్తింది.

ఒక్క ఊళ వేసింది. అందులో బెదిరింపు లేదు. ఎవరున్నారు అని అడిగినట్టే ఉంది. జింకలన్నీ ఒకేసారి తలలెత్తాయి. ఊళ ఆగాక అది చెవులు ముందుకు పెట్టి నిలబడింది. వింటోంది. జవాబు కోసం ఆగింది.

చాచా ఒళ్లంతా బిగుసుకుంది. నేను చెయ్యి ఎత్తాను. ఆయన తల వెనక్కి వాలింది, నోరు తెరుచుకుంది. నా అరచెయ్యి ఆయన పెదవులకు తగలబోతూ ఆగిపోయింది. చప్పుడు రావడం లేదు. మెడ నరాలు తేలాయి, పొట్ట లోపలికి పోయింది, గొంతుముడి పైకి లేచి వణికింది. విరుపు రావాల్సిన చోట పెదవులు విరిగాయి, మళ్లీ కలిసి గుండ్రంగా సాగాయి. ఒక ఊళ మొదటి నుంచి చివరి దాకా నా కళ్లముందే జరిగిపోయింది. దానిలోంచి ఊపిరంత శబ్దం కూడా బయటికి రాలేదు. కళ్లవెంట మాత్రం నీళ్లు కారుతున్నాయి.

తోడేలు చాలాసేపు విన్నది. ముందుకాలు నీళ్లలో పెట్టి తీసేసింది. మళ్లీ పెట్టింది. ఈసారి తీయలేదు. దాని వెనక రాళ్లలోంచి సన్నటి ఏడాది పిల్లొకటి, దాని వెనక మగతోడేలు దిగి వచ్చాయి. వాగు దాటి, తడి కాళ్లతో మా రేగు పొద పక్కనుంచే నడిచాయి. ఎవరూ లేని చోట నడుస్తున్నట్టు, మా వైపు తల కూడా తిప్పకుండా నడిచి గడ్డిలోకి వెళ్లిపోయాయి. చాచా నోరు ఇంకా తెరిచే ఉంది.